పిల్లలకి "ఎందుకు" అనేది ఎంతవరకు చెప్పాలి? (టీచర్లు, పేరెంట్స్, పిల్లలు అందరూ రాయండి)

కిమిడి_లెక్కలమ్మ
అందరికీ నమస్తే. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్తాను. నా క్లాసులో సగం మందికి పైగా ఇంట్లో తెలుగు, మిగతావాళ్ళు ఒడియా, కొండ మీద ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉన్న సవర పిల్లలు కొందరు. విషయం ఏటంటే ఈ యూనిట్ టెస్టు నుంచి ఒక రూలు పెట్టాను. నాలుగు మార్కుల లెక్కకి ఆన్సరు ఒక్కటే రాసేసి స్టెప్పులు రాయకపోతే ఒక్క మార్కే. మా క్లాసులో చురుకైన గుంటడు ఒకడున్నాడు, ఎక్స్ స్క్వేర్ మైనస్ 5ఎక్స్ ప్లస్ 6 ఈక్వల్ టు జీరో అనిస్తే చూసీ చూడగానే 2, 3 అని రాసి పెన్ను కింద పెట్టేస్తాడు. ఆన్సరు కరెక్టే. ఒక్క మార్కేశాను. పేపరు పట్టుకొచ్చి "కరెక్టే కదా మేడం, మూడు మార్కులు ఎందుకు కోసేరు" అని అడిగాడు, మర్యాదగానే అడిగాడు. నేను కూచోబెట్టి చెప్పాను.

స్టాఫ్ రూంలో మా సీనియర్ మేడం ఒకావిడ దానికి నన్ను పట్టుకుని, "వాడికి చెప్పేవు సరే, రేపు క్లాసు క్లాసంతా లేచి ఎందుకు ఎందుకు అంటే ఎవరికని చెప్తావు, టీచరు అన్నాక ఒక మాట అంటే అంతే, సంజాయిషీ ఇచ్చుకోడం మొదలెడితే నెత్తికెక్కి కూచుంటారు" అన్నారు. మర్నాడు ఆ గుంటడి నాన్నగారు కూడా వచ్చారు, అది వేరే కథ. నాకు చెప్పడమే మంచిదనిపిస్తంది గానీ ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, కొన్ని చెప్పకూడనివి ఉంటాయా అన్నది తేలడం లేదు. మీ మీ అనుభవాలు రాయండి.

పెద్దమేస్టారు_రిటైర్డ్
అమ్మా, నేను గుణుపురం వైపు హైస్కూళ్ళలో పనిచేసి హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాను. మీ సీనియర్ మేడం చెప్పినదాంట్లో అనుభవం ఉంది, కొట్టిపారేయకండి. పదిహేనేళ్ళ పిల్లాడికి కారణం చెప్పడం అంటే వాడు దాన్ని ఒప్పుకోవాలి అని మీరే వాడికి అధికారం ఇచ్చినట్టు. వాడు ఒప్పుకోకపోతే అప్పుడేం చేస్తారు? మార్కులు వెనక్కి ఇస్తారా? ఇవ్వరు. ఇవ్వనప్పుడు అడగడం దేనికి, చెప్పడం దేనికి. మా రోజుల్లో మేస్టారు కళ్ళెర్రజేస్తే చాలు.

ధర్మాబాద్_ఎర్రమిర్చి
మేస్టారు గారు కళ్ళెర్రజేసుడు మా మార్కెట్ల రోజూ అందరికీ అయితది, మిర్చి ఘాటుకు 😀 అయినా ఎవ్వడు భయపడడు.

ప్రాణహిత_సారు
మాది సిరొంచ, మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా. జెడ్‌పీ స్కూల్ల సారును. పిల్లలు ఇంట్ల తెలుగు, పుస్తకం మరాఠీ, కొందరు మాడియా మాట్లాడేటోళ్ళు. లెక్కలమ్మ గారు అడిగినదాంట్ల "చెప్పకూడనివి ఉంటయా" అన్నది అసలు ముచ్చట, దాని మీద రాస్త.

ఏడో తరగతిల ఒక పిల్లగాడు, ఎప్పుడు చూసినా పక్కోని నోటుబుక్కుల నుంచి రాసుకునుడే, బోర్డు దిక్కు చూడడు. బద్ధకం అనుకునేటోళ్ళం అందరం. ఒకనాడు బోర్డు మీద రాసింది చదువుమంటే కండ్లు చిన్నగ జేసి ఏదో ఊహించి చెప్పిండు, అప్పుడు తెలిసింది. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు పథకం) డాక్టర్ల టీం స్కూలుకు వచ్చేదాక ఆగాలె, అద్దాలు వచ్చేదాక ఇంకా టైం పడ్తది. గప్పటిదాక వాన్ని ముంగట కూసోబెట్టాలె. "వీనికి కండ్లు కనబడ్తలేవు అందుకే ముంగటికి" అని క్లాసుల చెప్తే ఆ సాయంత్రానికే వానికి పేరు పెడ్తరు, జన్మంత పోదు ఆ పేరు. చెప్పకపోతే ముంగట కూసున్నోడు లేవనంటడు, నన్నెందుకు లేపుతున్నరు సార్ నేనేం జేసిన అంటడు, న్యాయమే గద.

నేనేం జేసిన్నంటే ప్రతి సోమవారం వరుసలు మారుడు పెట్టిన. ముంగటి వరుస ఆఖరుకు పోవాలె, మిగతా అన్ని ఒక్కో వరుస ముంగటికి రావాలె. అందరికి చెప్పిన కారణం ఏంటిదంటే, ఎనక కూసుంటే ఫ్యాన్ గాలి రాదు, బోర్డు మెరుస్తది, కిటికీలకెళ్ళి రోడ్డు మీద లారీల చప్పుడు, కాబట్టి అందరు అన్ని చోట్ల కూసోవాలె. ఇది అబద్ధం కాదు. మొత్తం నిజం కూడ కాదు.

ధర్మాబాద్_ఎర్రమిర్చి
సార్ ఒక్క డౌటు. మరి ఆ పిల్లగాడు కూడ ముంగటికి వచ్చినంక మరుసటి సోమవారం ఆఖరి వరుసకే పోతడు గద? లెక్క తప్పింది.

ప్రాణహిత_సారు
పట్టిన్రు 🙂 అందుకే వాని వరుసను ఆఖర్ల నుంచి రెండోది చేసి మొదలు పెట్టిన. మెల్లగ ముంగటికి వస్తనే ఉంటడు, ఎనకకు పోయే వంతు వచ్చెటప్పటికి నెలకు పైన పడ్తది. మొదటి వారం రెండు వారాలు కష్టమే, అప్పుడు నేనే బోర్డు మీద పెద్ద అక్షరాలు రాసిన, చదువుకుంట రాసిన. అద్దాలు వచ్చినంక గూడ రొటేషన్ ఆపలే. ఆపితే "అది ఒక్కని కోసమే పెట్టిన్రు" అని తెలిసిపోతది గద.

బరంపురం_అమ్మ
పేరెంట్ నేను, టీచర్ని కాదు, రాయొచ్చో లేదో. బరంపురంలో మాది అప్పడాలు, పచ్చళ్ళ వ్యాపారం, చిన్నదే. మా అమ్మాయి ఎనిమిది, ఒడియా మీడియం. మొన్న సైన్సు ప్రాజెక్టు ఒక్క రోజు ఆలస్యంగా పట్టుకెళ్తే వాళ్ళ సార్ తీసుకోలేదంట. సరే రూలు రూలే. కానీ అదే రోజు ఇంకో అమ్మాయి పట్టుకొస్తే తీసుకున్నారంట. మా పిల్ల ఇంటికొచ్చి అప్పడాల గుడ్డ మీదే కూలబడి ఏడ్చింది, ఏంటే అంటే ఏం చెప్పిందో తెలుసా, "మనం తెలుగోళ్ళం కదమ్మా అందుకే" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఇంతకుముందెప్పుడూ ఆ మాట దాని నోట వినలేదు. మా వారేమో ఇంకో మెట్టు పైకెళ్ళి ఆ సార్ దగ్గర ట్యూషన్ పెట్టించలేదు కదా అందుకే అన్నారు. చట్టం ప్రకారం స్కూలు టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంట కదా, అయినా అనుమానం అయితే వస్తుంది కదండీ.

నేను రెండు వారాలు ఆగి వెళ్ళి అడిగాను. ఆ సార్ ఆశ్చర్యపోయారు. ఆ రెండో అమ్మాయి వాళ్ళ అక్క పెళ్ళి అని ముందే లీవు లెటర్ ఇచ్చి, ప్రాజెక్టుకి ఒక రోజు టైమ్ అడిగి వెళ్ళిందంట. అంతే. ఇది ఒక్క ముక్క ఆ రోజు చెప్పుంటే? పెళ్ళి ఏమీ రహస్యం కాదు కదా. ఈ రెండు వారాలు మా పిల్ల ఆ సార్ క్లాసులో చెయ్యి ఎత్తడం మానేసింది, అది ఆయనకి తెలియనే తెలియదు. ఇప్పటికీ పూర్తిగా మునుపటిలా లేదు.

మేస్టారు గారూ, మీరు కారణం చెప్పకపోతే పిల్లలు కారణం లేకుండా ఊరుకోరండీ. వాళ్ళే ఒకటి తయారుచేసుకుంటారు. అదెప్పుడూ మీ అసలు కారణం కన్నా చెడ్డదే ఉంటుంది.

కిమిడి_లెక్కలమ్మ
అమ్మగారూ ఈ మాట నేను మా స్టాఫ్ రూంలో చదివి వినిపిస్తాను. బోర్డర్లో ఉన్నవాళ్ళకి ఇది మరీ ఎక్కువ కదా. ఒడియా పిల్లలు తెలుగు టీచరు గురించి అలాగే అనుకుంటారు, తెలుగు పిల్లలు ఒడియా సార్ గురించి అలాగే, సవర పిల్లలు ఇద్దరి గురించీనూ.

బ్యాక్‌బెంచ్_ప్లస్‌టూ
నేను స్టూడెంట్‌ని, ప్లస్ టూ సైన్స్. కోప్పడకండి ఒక మాట చెప్తా. టీచర్లు కారణం చెప్తానని మొదలుపెట్టి చెప్పేది కారణం కాదు, క్లాసు. "ఎందుకంటే..." అని స్టార్ట్ చేసి మా అమ్మానాన్నల కష్టం, వాళ్ళ చిన్నప్పుడు కిరోసిన్ దీపం, ఇప్పటి పిల్లల ఫోన్లు, అలా బెల్లు కొట్టేదాకా. ఆఖరికి ఫస్టు అడిగింది ఏంటో ఎవరికీ గుర్తుండదు. అందుకే మేం అడగం. చెప్పేది ఉంటే రెండు ముక్కల్లో చెప్పండి ప్లీజ్.

లెక్కలమ్మ మేడంకి ఇంకోటి. స్టెప్పులు ఎందుకు అంటే మా మేడం "బోర్డు పరీక్షలో మార్కులు పోతాయి" అనేవారు. మెట్రిక్‌లో ఓఎంఆర్ షీట్ మీద గోళాలు నింపే భాగం పెద్దది, అక్కడ స్టెప్పులు ఎవడూ చూడడు. క్లాసులో ఎవడో ఒకడు ఆ మాట అనేశాడు, మేడం "ఎక్కువ మాట్లాడకు" అన్నారు. అయిపోయింది, ఆ రోజు నుంచి ఆవిడ ఏ కారణం చెప్పినా మాకు నవ్వే.

పెద్దమేస్టారు_రిటైర్డ్
బాబూ బ్యాక్‌బెంచ్, ఆ ఓఎంఆర్ మాట అన్న కుర్రాడివి నువ్వే కదా.

బ్యాక్‌బెంచ్_ప్లస్‌టూ
నో కామెంట్స్ మేస్టారు గారు 🙏

కిమిడి_లెక్కలమ్మ
ఇది మాత్రం గట్టిగా తగిలే మాట. నిజానికి నా నాలిక మీద కూడా ముందు వచ్చేది అదే, పరీక్ష. అది చెప్తే పిల్లలు తొందరగా నోరు మూస్తారు కాబట్టి. కానీ నేను స్టెప్పులు అడిగేది పరీక్ష కోసం కాదు. స్టెప్పులు లేకపోతే ఆన్సరు తప్పయినప్పుడు ఎక్కడ తప్పిందో నాకు కనబడదు. గుర్తు మారిందా, గుణకారం తప్పిందా, అసలు పద్ధతే తెలీదా, ఏదీ తెలీదు, ఒక ఇంటూ మార్కు పెట్టి పంపించీడమే. అంటే ఆ స్టెప్పులు వాళ్ళకోసం ఎంతో నాకోసం కూడా అంతే. ఇది చెప్పడానికి టీచర్లకి కొంచెం చిన్నతనంగా ఉంటుంది, ఎందుకో మరి.

బీఎడ్_బాధితుడు
బరంపురంలో బీఎడ్ చదువుతున్నా, సైకాలజీ పేపర్ కోసం బట్టీ పట్టినవి ఇన్నాళ్ళకి పనికొస్తున్నాయి, రాయనివ్వండి.

1970ల చివర్లో న్యూయార్క్‌లో ఎలెన్ లాంగర్ అనే సైకాలజిస్టు వాళ్ళ టీం ఒక ప్రయోగం చేశారు. లైబ్రరీలో జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడ్డవాళ్ళని "నన్ను ముందు తీసుకోనిస్తారా, ఐదు పేజీలే" అని అడిగితే 60 శాతం సరే అన్నారు. "తొందరలో ఉన్నాను కాబట్టి" అని కలిపితే 94 శాతం. "కాపీలు తీసుకోవాలి కాబట్టి" అని కలిపితే 93 శాతం! అది కారణమే కాదు కదా, అక్కడున్న అందరూ కాపీలకే వచ్చారు. దీన్నే ఇంటర్నెట్లో అందరూ "ఎందుకంటే అనే మాటకున్న మహిమ" అని షేర్ చేస్తుంటారు. కానీ రెండో సగం ఎవరూ చెప్పరు. ఐదు కాకుండా ఇరవై పేజీలు అని అడిగినప్పుడు ఉత్తుత్తి కారణానికి 24 శాతమే, అసలు ఏ కారణం చెప్పకపోయినా అంతే. నిజమైన కారణానికి 42. అంటే చిన్న విషయాలకి ఏదో ఒకటి చెప్తే నడిచిపోద్ది. అవతలివాడికి నిజంగా నష్టం జరిగేచోట వాడు మన కారణాన్ని ఆరా తీస్తాడు. మూడు మార్కులు పోవడం అంటే పదో క్లాసు వాడికి ఇరవై పేజీలే.

ఇంకోటి బరంపురం అమ్మగారి కోసం. అమెరికాలోనే, 2014లో వచ్చిన పేపర్, యేగర్, కోహెన్ ఇంకా కొందరు. ఏడో తరగతి పిల్లల వ్యాసాలు దిద్ది, కామెంట్లు రాసి, ఒక చీటీ అంటించారు. సగం మందికి మామూలు చీటీ, "నీ వ్యాసం మీద నా అభిప్రాయం తెలియాలని ఇవి రాశాను" అని. మిగతా సగానికి "నేను నీ నుంచి చాలా ఆశిస్తాను, నువ్వు అక్కడికి చేరగలవని నాకు తెలుసు, అందుకే ఇవి రాశాను" అని. వ్యాసం మళ్ళీ రాసి ఇవ్వడం పిల్లల ఇష్టం. తెల్ల పిల్లల్లో తేడా ఉంది కానీ మరీ అంత కాదు. నల్ల పిల్లల్లో మాత్రం మామూలు చీటీకి 17 శాతం మందే మళ్ళీ రాస్తే రెండో చీటీకి 70 దాటింది. టీచరు మన జాతిని చూసి ఎర్ర గీతలు పెడుతున్నాడేమో అన్న అనుమానం ఉన్నచోటే కారణం చెప్పడానికి అంత విలువ. మీ అమ్మాయి "మనం తెలుగోళ్ళం కదా" అన్నది చదివినప్పుడు నాకు వెంటనే ఇదే గుర్తొచ్చింది.

బరంపురం_అమ్మ
చాలా థాంక్స్ బాబూ. చీటీ మాట ఆ సార్‌కి చెప్తాను, ఆయన మంచాయనే.

పెద్దమేస్టారు_రిటైర్డ్
అమెరికా చీటీలు బావున్నాయి. నేను ఇంకా మెత్తబడలేదు. ఒకటి అడుగుతాను చెప్పండి. ల్యాబ్‌లో పిల్లాడు యాసిడ్ బీకర్లో నీళ్ళు ఒంపబోతున్నాడు. ఆపరా అని అరుస్తానా, కూచోబెట్టి కారణం చెప్తానా? పిక్నిక్‌కి ఏటి దగ్గరికి తీసికెళ్తాం, ఫలానా బండ దాటి దిగొద్దు అంటాం. అక్కడ "ఎందుకు సార్" అని నిలబడే పిల్లాడు నాకు వద్దు. మాట వినడం అలవాటుండాలి. ప్రతి మాటకీ కారణం తెలిస్తే గానీ కదలను అనేవాడు, కారణం చెప్పే టైమ్ లేని రోజున మునిగిపోతాడు.

పోతే కొట్టమని నేను ఎక్కడా అనలేదు. చట్టం వచ్చింది, 2009 విద్యాహక్కు చట్టం (ఆర్‌టీఈ) సెక్షన్ 17, కొట్టకూడదు మానసికంగా హింసించకూడదు అని ఉంది, నా సర్వీసు చివర్లోనే వచ్చింది, నేనే మా స్కూల్లో బెత్తాలు తీయించాను.

ప్రాణహిత_సారు
మేస్టారు గారు, మీరు చెప్పింది ఖరే. మా దగ్గర ప్రాణహిత గోదావరిల కలిసేకాడ నీళ్ళు ఎట్లుంటయో నాకు ఎరుకే, పైకి నిమ్మళంగ ఉంటది, కింద గుంజుతది. అక్కడ నేను గూడ అరుస్తనే. కాని ల్యాబ్ ముచ్చట మీరే చూడున్రి. సల్ఫ్యూరిక్ యాసిడ్ల నీళ్ళు పోస్తే వేడి బగ్గ పుడ్తది, పైనున్న నీళ్ళు మసిలి యాసిడ్‌తోని కలిసి మొఖం మీదికి ఎగురుతది. నీళ్ళల్ల యాసిడ్ కొంచెం కొంచెం పోస్తే ఆ వేడిని నీళ్ళు మింగుతయి. ఇది ల్యాబ్‌లకు పోకముందే, బోర్డు కాడ, ఒక్కసారి చెప్పి ఉంటే మీరు ఆ రోజు అరిచే పని పడదు. ఒకవేళ పడ్డా "ఆపు" అన్న ఒక్క మాటకు పిల్లగాడు ఆగుతడు, ఎందుకంటే సారు ఊరికే అరవడు అని వానికి ముందట్నుంచి అనుభవం ఉంటది. టైం ఉన్నప్పుడు కారణం చెప్పిన సారుకే, టైం లేనప్పుడు చెప్పకుండ ఊకునే హక్కు ఉంటది. రోజూ "చెప్పింది చెయ్" అనేటోడు ఏటికాడ అరిచినా పిల్లలకు అది రోజూ వినే అరుపే.

ధర్మాబాద్_ఎర్రమిర్చి
నేను సదువు ఎక్కువ సదువలే. దుకాణంల పనోళ్ళకు గూడ గిదే. "బస్తా అక్కడ పెట్టకు" అంటే రేపు మళ్ళ అక్కడ్నే పెడ్తడు. "అక్కడ పెడితే చెమ్మ పట్టి మిర్చి నల్లగయితది" అంటే ఇంకో నాలుగు చోట్ల గూడ చెమ్మ ఉందో లేదో వాడే చూసి పెడ్తడు. నాకు నాలుగు మాటలు మిగుల్తయి.

పెద్దమేస్టారు_రిటైర్డ్
మిర్చి గారి మాట నాకు అమెరికా చీటీల కన్నా బాగా అర్థమైంది.

సరే ఒకటి ఒప్పుకుంటాను, ముందు చెప్పడం వేరు, గొడవయ్యాక చెప్పడం వేరు. గొడవయ్యాక చెప్పేది పిల్లాడికి సాకులా వినిపిస్తుంది. లెక్కలమ్మ గారూ, మీ రూలు టెస్టుకి ముందు చెప్పారా?

కిమిడి_లెక్కలమ్మ
రూలు ముందే చెప్పాను మేస్టారు గారు, వారం ముందు. కారణం మాత్రం ఆ గుంటడు అడిగాకే చెప్పాను.

బీఎడ్_బాధితుడు
పర్లాకిమిడి అన్నారు కాబట్టి అడుగుతున్నా మేడం, సవర పిల్లలకి ఏ భాషలో చెప్తారు కారణం? పాఠం అంటే పుస్తకం ఉంది, ఫార్ములా ఉంది, ఎలాగోలా పట్టుకుంటారు. కారణం మాత్రం పుస్తకంలో ఉండదు, మాటల్లోనే ఉంటుంది. ఆ మాటలు రానివాడికి శిక్ష ఒక్కటే అర్థమవుతుంది.

పెద్దమేస్టారు_రిటైర్డ్
మంచి ప్రశ్న. మీ ఊళ్ళోనే దీనికి పెద్ద మనిషి ఉండేవారు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మేస్టారుగా చేస్తూ సవర భాష నేర్చుకున్నారు, ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి బడి పెట్టారు. వాడుక భాష ఉద్యమం అంటే అందరికీ గుర్తొస్తారు గానీ ఈ సంగతి మన వైపు వాళ్ళకే ఎక్కువ తెలుసు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఊరు ఇటు వచ్చినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇప్పుడు ప్రభుత్వం ప్రైమరీలో సవర, కువి, కుయి లాంటి భాషల్లో చదువు పెట్టింది, బానే ఉంది, కానీ హైస్కూలుకి వచ్చేసరికి ఆ పిల్లలు మళ్ళీ ఒంటరే.

బ్యాక్‌బెంచ్_ప్లస్‌టూ
మేస్టారు గారు, గిడుగు గారు కూడా పెద్దల్ని "గ్రాంథికంలోనే ఎందుకు రాయాలి" అని అడిగినాయనే కదా 😇

పెద్దమేస్టారు_రిటైర్డ్
పో రా.

కిమిడి_లెక్కలమ్మ
అప్‌డేట్. మీ అందరివీ చదివాక ఈ వారం ఇలా చేశాను. స్పీచ్ ఇవ్వలేదు, బ్యాక్‌బెంచ్ బాబు శాపం పెడతాడని భయం. బోర్డు మీద ఒక లెక్క రాశాను, 6ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ 2 ఈక్వల్ టు జీరో. చూసి చెప్పగలిగినవాళ్ళకి నాలుక్కి నాలుగు, స్టెప్పులు అక్కర్లేదు అన్నాను. ఆ చురుకైన గుంటడు 1 వేశాడు, 2 వేశాడు, మైనస్ 1 వేశాడు, పెన్ను కొరుకుతున్నాడు. చుట్టూ వాళ్ళు నవ్వడం మొదలెట్టారు, నేను ఆపించాను. అప్పుడు మైనస్ ఎక్స్‌ని మైనస్ 4ఎక్స్ ప్లస్ 3ఎక్స్‌గా విడదీసి, 2ఎక్స్ ఇంటూ 3ఎక్స్ మైనస్ 2 ఒక పక్క, 1 ఇంటూ 3ఎక్స్ మైనస్ 2 ఒక పక్క రాస్తే, ఆన్సర్లు 2 బై 3, మైనస్ 1 బై 2. "ఊహకి పూర్ణాంకాలే వస్తాయి, భిన్నాలు రావు" అని వాడే అన్నాడు. నేను ఒక్కటే కలిపాను, స్టెప్పులు రాస్తే తప్పు ఎక్కడుందో నాకు కనబడుతుంది, లేకపోతే కనబడదు అని. అదే ముక్క ఒడియాలో చెప్పాను, సవరలో చెప్పడానికి నాకు రాదు, హాస్టల్ అమ్మాయి ఒకర్తి వాళ్ళవాళ్ళకి చెప్పింది. ఏం చెప్పిందో గానీ రెండు నిమిషాలు చెప్పింది, నాది రెండు ముక్కలే!

వాడు పూర్తిగా ఒప్పుకున్నాడా అంటే లేదు. "పూర్ణాంకాలు వచ్చే లెక్కకి అయితే అక్కర్లేదు కదా మేడం" అన్నాడు. ఆ మాటలో పాయింటుంది. ఏ లెక్కకి పూర్ణాంకాలు వస్తాయో ముందే నీకెలా తెలుస్తుంది అంటే ఆలోచిస్తాను అన్నాడు. మార్కులు మాత్రం వెనక్కివ్వలేదు మేస్టారు గారూ, వాడూ మళ్ళీ అడగలేదు.

అసలు సంగతి తరువాత జరిగింది. ఆ హాస్టల్ అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, లేచి నిలబడి "మేడం, మీరు బోర్డు మీద చేసేటప్పుడు మధ్యలో రెండు లైన్లు దాటేస్తారు, మాకు అక్కడే అర్థం కాదు. మీరు కూడా అన్నీ రాయాలి కదా" అంది. క్లాసంతా చప్పుడు లేదు.

పెద్దమేస్టారు_రిటైర్డ్
చూశారా. నెత్తికెక్కడం అంటే ఇదే మరి.

ప్రాణహిత_సారు
నెత్తికెక్కుడు కాదు మేస్టారు గారు, మేడం చెప్పిన కారణమే ఆ పిల్ల తిప్పి మేడంకు అప్పజెప్పింది. "ఎక్కడ తప్పిందో కనబడాలె" అన్నరు గద, ఆ పిల్లకు ఎక్కడ అర్థమైతలేదో గూడ గట్లనే కనబడ్డది. మీకు భయం ఉన్నది గూడ గిదేనేమో అనిపిస్తది నాకు, కారణం చెప్తే పిల్లలు ఎదురు మాట్లాడుడు కాదు, ఆ కారణం మన మీద గూడ పడ్తది. పడనీయున్రి.

పెద్దమేస్టారు_రిటైర్డ్
సారు, మీరు సిరొంచ నుంచి బాగానే గురి చూసి కొట్టారు. జవాబు ఆలోచించి రాస్తాను.

ఈలోగా లెక్కలమ్మ గారూ, ఆ పిల్లకి ఏం చెప్పారో రాయలేదు మీరు.

కిమిడి_లెక్కలమ్మ
సరే రాస్తాను అన్నాను, అంతే. ఇప్పుడు అన్ని లైన్లూ రాస్తన్నాను, పీరియడ్‌లో నాలుగు లెక్కలయ్యేవి రెండున్నర అవుతున్నాయి, బోర్డు చాలట్లేదు, పోర్షన్ వెనకబడిపోతంది, ఇది మా హెడ్‌మాస్టరుకి ఏ కారణం చెప్పాలో మీరే చెప్పండి ఇంక.

ప్రాణహిత_సారు
మొదటి లెక్కకు మాత్రం అన్ని లైన్లు రాయున్రి. రెండో లెక్కకు మీరు దాటేసిన లైను దగ్గర ఒక చుక్క పెట్టి, ఆ లైను పిల్లలతోని చెప్పించున్రి. మా దగ్గర పదో తరగతిల బీజగణితం, భూమితి (రేఖాగణితం) రెండు వేరే వేరే పేపర్లు, నలభై నలభై మార్కులు, మాకు గూడ పోర్షన్ లొల్లే. చుక్క పద్ధతిల టైం జెర మిగుల్తది. హెడ్‌మాస్టరుకు ఇదే చెప్పున్రి, పిల్లల చేత చెప్పిస్తున్న అని.

బ్యాక్‌బెంచ్_ప్లస్‌టూ
మేడం ఆ గుంటడికి ఒకటి చెప్పండి, పూర్ణాంకాలు వస్తాయో రావో ముందే తెలుసుకోడానికి ఒక దారి ఉంది, బీ స్క్వేర్ మైనస్ 4ఏసీ కట్టి చూడమనండి. ఎక్స్ స్క్వేర్ ముందు 1 ఉండి, మిగతా అంకెలు పూర్ణాంకాలైతే, అది పర్ఫెక్ట్ స్క్వేర్ వచ్చిందంటే ఆన్సర్లు పూర్ణాంకాలే. వాడు అది కట్టాలంటే ఎలాగూ ఒక స్టెప్పు రాయాల్సిందే 😂

కిమిడి_లెక్కలమ్మ
రేపే చెప్తాను. నీ పేరు చెప్పమంటావా, బ్యాక్‌బెంచ్ అన్నయ్య అనాలా?